గవ్వలదిబ్బలో ఎవరూ మూయని పేజీ

పొద్దున తొమ్మిదీ నలభైకి గవ్వలదిబ్బ పాలెం పడవలు నలభై ఆరూ ఒక్కసారిగా మాయమైపోయాయి. సముద్రంలో కాదు లెండి, ఫోన్లో. కానీ ఆ తేడా కామమ్మకి ఎవరు చెప్పాలి? చేతిలో చేపల బుట్ట అక్కడే పారేసి, కొంగు ఇసకలో ఈడ్చుకుంటూ, "నా బిడ్డ పడవ పోయిందే, నా గణేషు పోయినాడే!" అని గుండెలు బాదుకుంటూ ఒడ్డుకి పరుగెత్తింది. ఆమె వెనక పదిమంది ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ఇంకో ఇరవై మంది. ఏం జరిగిందో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు, ఏడవనివాళ్ళు అసలే లేరు. మోకాటి లోతు నీళ్ళలోకి దిగి నిలబడ్డ కామమ్మ నిలబడ్డట్టే సొమ్మసిల్లి పడిపోయింది.

ఆ సమయానికి సుభాషిణి మత్స్యకారుల సంఘం షెడ్డులో, గోడకి మేకు కొట్టి తగిలించిన అరచేతంత పచ్చ బోర్డు ముందు నిలబడి, దాని వైరు పీకి మళ్ళీ పెడుతోంది. రెండు నిమిషాల్లో ఫోన్లలో పడవల పేజీ తిరిగొచ్చింది. గణేష్ పడవ ఎప్పటిలాగే ఆరు మైళ్ళ అవతల వల వేసుకుని నిక్షేపంగా కూర్చుని ఉంది. వాళ్ళమ్మ ఒడ్డున పడి ఉన్న సంగతి వాడికేం తెలుసు!

ఈ బోర్డు కథ కొంచెం చెప్పాలి. అది ఒక బుల్లి కంప్యూటరు. తెర ఉండదు, కీబోర్డు ఉండదు. సుభాషిణి నెల్లూరు పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినప్పుడు ప్రాజెక్టు కోసం కొన్నది. దాంట్లో ఆమె తనే రాసిన ఒక వెబ్‌సైట్ నడుస్తుంది. వేటకు పోయినవాళ్ళు పడవలోంచి ఫోన్లో ఒక్క బటన్ నొక్కుతారు: బయల్దేరాం, వల వేశాం, తిరిగొస్తున్నాం, ఒడ్డెక్కాం. ఎర్రది ఇంకొకటి ఉంది, సాయం కావాలి అని. కావాలంటే పక్కన ఒక మాట కూడా కొట్టొచ్చు. కృష్ణపట్నం పోర్టు పుణ్యమా అని టవర్లకు కొదవలేదు, ఏడెనిమిది మైళ్ళ దాకా సిగ్నల్ అందుతుంది, పడవ ఉన్నచోటు ఫోనే పంపుతూ ఉంటుంది. ఇంట్లో ఉన్నవాళ్ళు పేజీ తెరిస్తే తమ పడవ ఎక్కడుందో, ఏం చేస్తోందో కనపడుతుంది. అంతే.

అంతే అంటే అంతే కాదు. పోయినేడాది కార్తీకంలో కామమ్మ మొగుడి పడవ ఇంజను ఆగిపోయి కొట్టుకుపోయింది. గాలికి పోర్టు వైపు ఒడ్డెక్కి ఉంటారులే అనుకుని ఊరంతా ఒక పగలూ ఒక రాత్రీ ఊరుకుంది. మూడో రోజు పులికాట్ ముఖద్వారం దగ్గర దొరికారు. ప్రాణాలైతే ఉన్నాయి గానీ, కామమ్మ మొగుడు మళ్ళీ పడవ ఎక్కే మనిషి కాలేదు. ఆ పనిలోకి కొడుకు గణేష్ దిగాడు. మొదటి రోజే ఎవరికైనా తెలిసుంటే ఒక్క పూటలో తాడు కట్టి తెచ్చేవాళ్ళు. సుభాషిణికి కామమ్మ మేనత్త. ఆ మూడు రోజులు ఆమె ఇంట్లో కూర్చుని చూసిన ముఖం సుభాషిణి మరిచిపోలేదు. అందుకే ఈ బోర్డు.

ఇంత మంచి బోర్డుకి జూన్‌లో వేట నిషేధం ఎత్తేసిన రోజు నుంచి పాడుబుద్ధి పట్టింది. రోజూ తొమ్మిదిన్నర, పది మధ్యలో చచ్చి ఊరుకునేది. కామమ్మలాంటి వాళ్ళకి ప్రతిసారీ కొత్త భయమే.

ఆ సాయంత్రం ఊరి పెద్దకాపు ముత్యాలయ్య పెద్దల్ని పిలిచాడు. పట్టపు జాలర్ల పాలెంలో పెద్దకాపు మాటంటే కట్టుబాటు, దానిమీద ఇంకో మాట ఉండదు. ఆయన సుభాషిణిని కసరలేదు. కసిరినా బాగుండేది.

"అమ్మీ, నువ్వు చెడు చేసినావని ఎవురూ అనడంలా" అన్నాడు. "ఇది లేనప్పుడు మనకి కబురు లేదు. లేదని తెలుసు గాబట్టి గుండె రాయి చేసుకోని కూసునేవోళ్ళం. ఇప్పుడు కబురు ఉండాది, ఉన్నట్టుండి ఆరిపోతాండాది. కామమ్మ ఈపొద్దు నీళ్ళల్లో పడింది. ఒడ్డున పడింది గాబట్టి సరిపోయింది. రేపు ఇంకొకతి లోతులో పడితే ఎవురు జవాబు చెప్పేది?"

సుభాషిణి తల వంచుకుంది. ఆయన చెప్పేదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

"మూడు దినాలు ఇస్తాండా. మూడో దినం పొద్దున్నించి కడపటి పడవ ఒడ్డెక్కేదాకా అది ఆగకుండా ఉండాల. ఒక్కసారి ఆగినా వైరు నేనే పీకేస్తా. మళ్ళీ దాని మాట ఈ పాలెంలో ఎత్తగూడదు."

ఎత్తకూడదు అంటే ఎత్తకూడదు. ఊరు మళ్ళీ పోయినేడాది కార్తీకంలోకి పోతుంది. సముద్రంలో ఎవడి ఇంజను ఆగినా ఒడ్డుకి తెలియదు. 

నిజం చెప్పాలంటే ఆ పిల్ల అప్పటిదాకా చెయ్యని ప్రయత్నం లేదు. మొదట అనుమానించింది ఐసు పొడి చేసే మిషన్ని. అది తిరగడం మొదలెడితే షెడ్డులో బల్బు కునికిపాట్లు పడుతుంది, కరెంటు చాలక బోర్డు ఆగిపోతోందేమో అనుకుంది. వేరే లైను లాగించి, మంచి అడాప్టరు తెచ్చి, మధ్యలో బ్యాటరీ పెట్టింది. మర్నాడు తొమ్మిదీ యాభైకి పోయింది. తర్వాత వేడిని అనుమానించింది. రేకుల షెడ్డు, పైన ఎండ. విప్పి చూస్తే బోర్డుకి చీరల కొట్టు ప్లాస్టిక్ కవరు చుట్టి దారంతో కట్టి ఉంది. ఎవరి పని అని ఊరంతా తిట్టి ఇంటికి పోతే వాళ్ళమ్మే తాపీగా, "ఉప్పుగాలికి తుప్పు పడతాదని నేనే కట్టినా" అంది. కవరు తీసి, చిన్న ఫ్యాను పెట్టింది. తొమ్మిదీ ముప్పై అయిదుకి పోయింది. మెమరీ కార్డు మార్చింది. పోయింది. ఎవరో నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ తెచ్చి దండ కట్టారు. దానికి కూడా అడ్డు చెప్పలేదు, అంత విసిగిపోయి ఉంది. పదింటికి పోయింది.

మొదటి రోజు పొద్దున్నే హరినాథ్‌కి ఫోన్ చేసింది. హరినాథ్ ఆమెతో పాలిటెక్నిక్‌లో చదివినవాడు, మనుబోలు రైతుల బిడ్డ, ఇప్పుడు పోర్టులో ఒక కంపెనీ కంప్యూటర్లు చూస్తాడు. ఇడ్లీ నములుతూ కూడా సలహా ఇవ్వగలిగిన రకం.

"లాగ్ చూసినావా?" అన్నాడు. లాగ్ అంటే కంప్యూటరు తనకు జరిగిందంతా ఎప్పటికప్పుడు రాసుకునే చిట్టా.

"నా ప్రోగ్రాం రాసే లాగ్ చూసినా. ఏం లేదు దాంట్లో. మధ్యలోనే ఆగిపోయుంటాది."

"నీ ప్రోగ్రాంది కాదబ్బా. బోర్డుది, సిస్టం లాగ్. చచ్చినోడు తన చావు కబురు రాస్తాడా? పక్కనోడు రాయాల. ఆడ చూడు."

చూసింది. ఉంది. ఇరవై మూడు సార్లు చచ్చింది, ఇరవై మూడు సార్లూ ఒకే మాట రాసి ఉంది. ఇంగ్లీషులో ఉన్న ఆ పొడుగాటి లైనుకి తెలుగు చెప్పుకుంటే ఇంతే: మెమరీ చాల్లేదు, ఎక్కువ తింటున్న ప్రోగ్రాంని చంపేశాను. చంపింది బోర్డే. చచ్చింది సుభాషిణి రాసిన సర్వర్, అంటే ఆ పేజీని నడిపే ప్రోగ్రాం. ఇన్నాళ్ళూ ఐసు మిషన్నీ ఎండనీ వాళ్ళమ్మనీ ఆడిపోసుకుంది, తప్పు తన ఇంట్లోనే ఉంది.

సరే, మెమరీ ఎవరు తింటున్నారు? నిషేధం రెండు నెలలూ ఇదే బోర్డు మీద ఇదే సర్వర్‌ని పెట్టి పరీక్షించింది. ఒక్కసారి కూడా తొణకలేదు. అప్పుడు లేనిదీ ఇప్పుడు ఉన్నదీ ఒక్కటే, పడవలు నీళ్ళమీద ఉన్నాయి. కానీ పడవలెన్నని? నలభై ఆరు. నలభై ఆరు బటన్లు నొక్కితే కడుపు పగిలి చావడానికి అది మరీ అంత అల్పప్రాణి కాదు.

అప్పుడు, ఎన్ని ఫోన్లు సర్వర్‌ని పట్టుకుని ఉన్నాయో లెక్క తీసింది. ఎనిమిది గంటలకి నాలుగు వందల పద్దెనిమిది లైన్లు తెరిచి ఉన్నాయి. ఎనిమిదిన్నరకి నాలుగు వందల తొంభై. ఒక్కటీ తగ్గడం లేదు, పెరగడమే. పాలెంలో ఉన్నవి నూట అరవై ఇళ్ళు! పడవల వారీగా విడగొట్టి చూస్తే, గణేష్ పడవని చూస్తున్న ఒకే ఒక్క ఫోను నుంచి ముప్పై ఒక్క లైన్లు.

సుభాషిణి చెప్పులు కూడా వేసుకోకుండా మేనత్త ఇంటికి పోయింది.

కామమ్మ నిన్నటి నీరసంతో చాప మీద కూర్చుని ఉంది. ఫోను దేవుడి గూట్లో ఉంది. ఛార్జరు తగిలించి, తెర ఆరిపోకుండా పెట్టి, అమ్మవారి పటానికి ఆనించి నిలబెట్టారు. సుభాషిణి తీసి చూసింది. ఒకదాని వెనక ఒకటి ముప్పై ఒక్క పేజీలు తెరిచి ఉన్నాయి, అన్నీ గణేష్ పడవే.

"అత్తా, వీటిని మూయవా నువ్వు?"

కామమ్మ ముఖం మాడిపోయింది. "ఏందిమే ఆ మాట? మొగోడు నీళ్ళమీద ఉండంగా మూస్తారంటే? వాకిలికి గడియ పెడతామా మనం? ఇల్లు ఊడుస్తామా? మీయమ్మ నీకేం నేర్పలా?"

"ఇది వాకిలి కాదు గదత్తా, ఫోను."

"నా బిడ్డ కనపడతాండేది దాంట్లోనే గదా. అయితే అదే నాకు వాకిలి. వాడు ఒడ్డెక్కినాక అన్నీ మూసేస్తా, ఒక్కటి ఉంచను. అందాకా చెయ్యి పెట్టబాక."

"సరే, ఒకటి తెరిచి పెట్టుకో. ముప్పై ఒకటి ఎందుకు?"

"అది రవ్వసేపు కదలకుండా నిలబడిపోతాది గదా, అప్పుడు భయమేసి గ్రూపులో నువ్వు పెట్టిన నీలం గీతని, ఆ లింకుని, మళ్ళా నొక్కుతా. కొత్తది వస్తాది. పాతదాన్ని మూస్తే తప్పుగానీ, కొత్తది తెరిస్తే తప్పేముంది?"

సుభాషిణి తన ఫోను తీసి చూసుకుంది. నాయన పడవ పేజీలు పంతొమ్మిది. తెల్లవారుజామున నాయన పడవ నెట్టగానే తెరవడం, అది కదలకపోతే ఇంకొకటి తెరవడం, ఆయన ఒడ్డెక్కేదాకా మూయకపోవడం. ఒక్కనాడైనా అనుకుని చేసింది కాదు, చెయ్యి తనంతట తనే చేసింది. నిషేధం రోజుల్లో మాత్రం పరీక్ష కాగానే ఠక్కున మూసేసేది. అప్పుడు నీళ్ళమీద ఎవరున్నారని?

ఆమెకి నవ్వాగలేదు. మూడేళ్ళ చదువు, మూడు వారాల తంటా, చివరికి దొంగ తన కొంగునే ఉన్నాడు. అత్త పక్కన చాప మీద చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. కామమ్మ, "పిల్లకి గాలి సోకింది" అని నుదుటిమీద చెయ్యి వేసి చూసింది.

జరుగుతున్నది ఇదీ. సుభాషిణి సర్వర్‌ని ఎలా రాసిందంటే, ఎవరైనా పేజీ తెరిస్తే వాళ్ళకోసం ఒక లైను పట్టుకుని, నలభై ఆరు పడవల వివరాలూ వాళ్ళ కోసం విడిగా ఒక నకలు తీసి దగ్గర పెట్టుకుంటుంది. వాళ్ళు పేజీ మూసి పోతున్నామని చెప్పేదాకా వదలదు. పాత పేజీ ఫోన్లో వెనక్కి పోయి నిద్రపోతుందే గానీ, పోతున్నానని చెప్పదు. సర్వర్ పాపం దాని లైను కూడా పట్టుకునే కూర్చుంటుంది. అర జీబీ మెమరీ ఉన్న బోర్డు. ఆరు వందల నలభై లైన్ల దాకా మోసి, ఇక తనవల్ల కాక కూలిపోతోంది.

"ఓస్ ఇంతేనా?" అన్నాడు హరినాథ్ ఫోన్లో. "ఇరవై నిమిషాలు దాటితే పేజీని నువ్వే మూసెయ్. సమయం ముగిసింది, మళ్ళీ తెరవండి అని చూపించు. మా పోర్టులో అన్నీ అంతే. ఒక్క లైను మారిస్తే సరిపోతాది."

ఒక్క లైనే. అయిదు నిమిషాల పని. సుభాషిణి చెయ్యి ల్యాప్‌టాప్ కీబోర్డు దాకా పోయింది కూడా. కానీ కామమ్మ దేవుడి గూటి వైపు చూస్తే, కొడుకు నీళ్ళమీద ఉండగా, తెరమీద ముగిసింది అని అక్షరాలు కనపడతాయి. ఆ మాట చదివాక ఆమె మళ్ళీ తెరిచేదాకా ఆగుతుందా? చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నువ్వు మనుబోలులో పుట్టినావు హరీ" అంది. "మీ మడి పొద్దున చూసినచోటే సాయంత్రం ఉంటాది. మావోళ్ళు ఉండేది నీళ్ళమీద. పేజీ మూసేది లేదు."

"అయితే ఆ ఆడోళ్ళకి చెప్పు, ఒక్కటే తెరవమని."

"చెప్పను. వాళ్ళు చేస్తాండేది తప్పు గాదు. నేను రాసిందే వాళ్ళకి సరిపోలా."

"రెండు దినాల్లో మొత్తం తిరగ రాస్తావా?"

"రాస్తా" అని ఫోన్ పెట్టేసింది. పెట్టేశాక భయమేసింది.

రెండో రోజు కూడా తొమ్మిదీ ముప్పైకి పాత సర్వర్ చచ్చింది. సుభాషిణి పరుగెత్తుకొచ్చి లేపి వెనక్కి తిరిగితే ముత్యాలయ్య షెడ్డు గుమ్మంలో ఉన్నాడు. ఇంకొక్క దినమే అన్నట్టు చూపుడువేలు ఒక్కటి పైకెత్తి చూపించి వెళ్ళిపోయాడు.

ఆమె ఆ రోజంతా షెడ్డులోనే ఉంది. అమ్మ తెచ్చిన చేపల పులుసన్నం ఒక చేత్తో తింటూ రెండో చేత్తో రాసింది. ఆలోచన మాత్రం చాలా తేలిక. నెల్లూరు బస్టాండులో విచారణ కిటికీ దగ్గర గుమాస్తాని వందమంది పట్టుకుని తలా ఒక ప్రశ్న అడిగితే వాడు చచ్చిపోతాడు. అదే బస్సుల వేళలు బోర్డు మీద రాసి తగిలిస్తే ఎంతమంది చూస్తే ఏంటి, బోర్డుకి నొప్పా? ఇప్పుడు సర్వర్ ఎవరి లైనూ పట్టుకోదు, ఎవరికీ విడిగా నకలు తియ్యదు. పడవ నుంచి కబురు వచ్చినప్పుడు ఒకే ఒక పేజీ రాసి బయట పెడుతుంది. ఫోన్లు అర నిమిషానికి ఒకసారి వచ్చి చూసుకుని పోతాయి. నిద్రపోయిన పేజీ రానే రాదు, దాని భారం ఎవరికీ లేదు. కామమ్మ ముప్పై ఒకటి కాదు మూడు వందలు తెరుచుకోనీ, తెల్లార్లూ తెరిచి ఉంచుకోనీ, కామమ్మ ఇష్టం.

ఆలోచన తేలికే గానీ రాయడం అంత తేలిక కాలేదు. రెండుసార్లు మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలెట్టింది. పొద్దువాలే వేళకి పడవలన్నీ ఒడ్డెక్కాక పాతది తీసి కొత్తది పెట్టింది. తన ల్యాప్‌టాప్‌లోంచి రెండు వేల ఫోన్లు ఒకేసారి వచ్చి అడుగుతున్నట్టు ఒక దొంగ ప్రోగ్రాం రాసి బోర్డు మీదికి ఉసిగొల్పింది. బోర్డు మెమరీ ముప్పై ఎనిమిది శాతం దగ్గర నిలబడింది, అక్కణ్ణించి కదిలితే ఒట్టు. అయినా దొంగ ఫోన్లు దొంగ ఫోన్లే. నిజం రేపు తేలుతుంది.

మూడో రోజు పడవలు బయల్దేరినప్పుడు సముద్రం పాలు పోసినట్టు ఉంది. ఏడున్నరకి ఆగ్నేయం నుంచి గాలి లేచింది. ఎనిమిదిన్నరకి అలలు ఒడ్డు మీద వలలు ఆరేసిన చోటు దాకా వచ్చాయి. తీరం వెంబడి గాలులు అని ఫోన్లకి హెచ్చరికలు వచ్చాయి గానీ పడవలు పోయాక వస్తే ఏం లాభం? ఒక్కొక్క పడవా తిరిగొస్తున్నాం అని నొక్కడం మొదలెట్టింది.

ఇక చూడండి. పాలెంలో ఫోను ఉన్న ప్రతివాళ్ళూ పేజీ తెరిచారు. నెల్లూరులో, గూడూరులో, బుచ్చిరెడ్డిపాలెంలో కాపురాలు చేసుకుంటున్న ఆడబిడ్డలు తెరిచారు. పోర్టులో పనిచేసే అల్లుళ్ళు తెరిచారు. ఒక్క నిమిషంలో వచ్చి చూసిపోతున్న పేజీలు ఆరు వందలయ్యాయి, ఎనిమిది వందలయ్యాయి, వెయ్యి దాటాయి. షెడ్డులో అడుగుపెట్టే సందు లేదు. ముత్యాలయ్య వచ్చి సరిగ్గా వైరు పక్కన నిలబడ్డాడు. ఆయన కొడుకులిద్దరూ నీళ్ళమీదే ఉన్నారు.

తొమ్మిదిన్నర అయింది. సుభాషిణి బోర్డుని ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సిన పని లేదని తెలుసు, అయినా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తొమ్మిదీ నలభై. తొమ్మిదీ యాభై. పేజీ అక్కడే ఉంది. మెమరీ ముప్పై ఎనిమిది శాతం. పది. పదీ పది. "ఏమ్మే, ఇయ్యాల సచ్చిపోలా?" అని వెనకనుంచి ఎవరో గొణిగారు. "నీ నోట్లో మన్ను పొయ్య" అని ఇంకొకరు అందుకున్నారు.

హరినాథ్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: ఎంతమంది? పదకొండు వందల నలభై అని కొట్టింది. ఆ బుల్లి బోర్డు మీదా, అబద్ధాలు చెప్పబాక అన్నాడు. ఆమె తెర ఫొటో తీసి పంపింది.  ఆనందం ఆపుకోలేక ఆ ఫోన్ని చూసి నాలుక బయటపెట్టి వెక్కిరించింది, అంత గాలిలో, అంత భయంలో.

పదీ ఇరవైకి పేజీలో ఒక వరుస ఎర్రబడింది. గణేష్ పడవ. సాయం కావాలి.

 అందరూ కామమ్మ వైపు తిరిగారు. ఆవిడ ఫోన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కానీ ఈసారి పరుగెత్తలేదు.

"ఇంజను ఆగుంటాది వాడికి" అంది.  "వాళ్ళ నాయనకి ఆగినట్టే. కానీ ఆడుండాడు. చూడండి, నాలుగు మైళ్ళల్లో ఉండాడు. కనపడతాండాడు నాకు."

ఆ పేజీ ఒడ్డున ఉన్నవాళ్ళకే కాదు, నీళ్ళమీద ఉన్నవాళ్ళకీ కనపడుతుంది. ఒక నిమిషం గడిచింది. రెండు. ఒడ్డుకి వస్తున్న పడవల్లో ఒకటి దారి మార్చి వెనక్కి తిరిగింది. దాని వెనక రెండోది. మొదటిది సుభాషిణి నాయనది, రెండోది ముత్యాలయ్య పెద్దకొడుకుది. అంత గాలిలో ఒడ్డు కనుచూపు మేరలో ఉండగా వెనక్కి తిరిగారు. సుభాషిణికి గర్వంగా ఉంది, చచ్చేంత భయంగానూ ఉంది. ముత్యాలయ్య పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కుకుంటున్నాడో.

ఆ ఇరవై అయిదు నిమిషాల్లో సర్వర్ గనక ఆగి ఉంటే నాలుగు వందల మంది ఆడవాళ్ళు ఒడ్డు మీద పడి ఉండేవాళ్ళు. అది ఆగలేదు. అర నిమిషానికోసారి పదకొండు వందల మందికి పైగా వచ్చి చూస్తున్నా, ఎవరికీ లేదనకుండా, మూడు పడవలూ దగ్గరకి రావడం చూపించింది. పదీ నలభై అయిదుకి ఎరుపు పోయి, తిరిగొస్తున్నాం అనే పసుపు వచ్చింది. దాని పక్కన సుభాషిణి నాయన పడవలోంచి కొట్టిన మాట: తాడు కట్టినాం, తెస్తాండాం.

అప్పుడు అరిచారు చూడండి, రేకులు అదిరిపోయాయి. ఐసు మిషన్ దగ్గరున్నవాళ్ళు ఏదో పేలిందని పరుగెత్తుకొచ్చారు. కామమ్మ సుభాషిణి మెడ పట్టుకుని ఊపేసి, రెండు బుగ్గలూ పుణికి, మళ్ళీ ఏడుపు లంకించుకుంది. ఇది వేరే ఏడుపు.

పదకొండున్నరకల్లా నలభై మూడు పడవలు ఇసక మీద ఉన్నాయి. పన్నెండుకి అలల మధ్యనుంచి ఆఖరి మూడూ ఒకే తాడున కట్టినట్టు వచ్చాయి. ఒడ్డున ఉన్న మగవాళ్ళంతా నడుము లోతుకి దిగి పడవల్ని లాగారు. గణేష్ ఇంకా కాలు ఇసకలో పెట్టకముందే, తల్లి వాడి వీపు మీద రెండు దరువులు వేసి, ఆ తర్వాత కావిలించుకుంది. "ఫోన్ తడిసిపోయుంటే ఏం చేసేవోడివిరా" అని తిట్టింది. "రెండు కవర్లలో కట్టుకోనుండానమ్మా" అన్నాడు వాడు, వణుకుతూనే నవ్వుతూ. సుభాషిణి నాయన కూతురి దగ్గరికి వచ్చి, తడిచేత్తో ఆమె తలమీద ఒక్కసారి తట్టి, గణేష్ పడవ ఇంజను విప్పడానికి పోయాడు. ఆ మనిషి అంతకంటే ఎక్కువ ఎప్పుడూ చెయ్యడు. ఆమెకి అది చాలు.

సుభాషిణి షెడ్డులోకి తిరిగొచ్చి ల్యాప్‌టాప్ తెర చూసింది. పేజీ చూస్తున్నవాళ్ళ అంకె దిగిపోతోంది. పదకొండు వందలు. ఏడు వందలు. మూడు వందల పది. మగవాళ్ళు ఇల్లు చేరారు, ఆడవాళ్ళు ఒక్కొక్కరే పేజీలు మూస్తున్నారు. జూన్ నుంచీ ఈ సర్వర్ ఈ ఘడియ దాకా ఆగకుండా బతికింది లేదు. బుచ్చిరెడ్డిపాలెంలో ఎవరో మూశారు. గూడూరులో మూశారు. పక్క వీధిలో మూశారు. తొంభై. ఇరవై రెండు. మూడు. సుభాషిణి కూడా తన పేజీ మూసేసింది. రెండు. ఒకటి.

ఒకటి దగ్గర ఆగిపోయింది.  పడవలన్నీ వచ్చేశాయి కదా, ఇంకా ఎవరు ఎవరికోసం చూస్తున్నారు?

"అమ్మీ."

ముత్యాలయ్య ఇంకా అక్కడే, వైరు పక్కనే ఉన్నాడు. ఫోన్ని చెయ్యి చాచినంత దూరాన పట్టుకుని, కళ్ళు చికిలించి చూస్తున్నాడు. దాంట్లో ఆయన కొడుకుల పడవ వెలుగుతోంది, ఒడ్డెక్కాం అని.

"పొద్దున కోడలు తెరిచి చేతిలో పెట్టింది. దీన్ని మూసేదెట్టామే?"

సుభాషిణి చూపించింది. ఆయన మొరటు బొటనవేలితో రెండుసార్లు తప్పు చోట నొక్కి, మూడోసారికి మూశాడు. సుభాషిణి తెరమీద ఒకటి పోయి సున్నా వచ్చింది. గవ్వలదిబ్బలో ఆ పూట ఎవరికీ ఎవరికోసమూ ఎదురుచూడాల్సిన పని మిగల్లేదు.

ఆయన వైరుని ఒకసారి చూశాడు. బోర్డుని చూశాడు. తర్వాత షెడ్డు గుమ్మంలో మూగిన జనం వైపు తిరిగి, కట్టుబాటు చెప్పే గొంతుతోనే, అందరికీ వినపడేలా అన్నాడు.

"గాలి తగ్గినాక పడవలు పోతాయి. ఆ పొద్దు తెల్లారి నాలుగింటికి ఎవురన్నా మా ఇంటికాడికి రాండి. నాకు మూయడం వచ్చింది గానీ తెరవడం రాదు."

"నేనొస్తా" అంది కామమ్మ. ఆమె నోరు మూయకముందే ఇంకో ముప్పై మంది ఆడవాళ్ళు, "నేనొస్తా, నేనొస్తా" అన్నారు. సుభాషిణి ఖాళీ ఐసు పెట్టె మీద కూలబడి, ముఖం చేతుల్లో దాచుకుని, వాళ్ళందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది, నవ్వింది.